పాత రైసు మిల్లు ఇంజినుకి రంగు వేయకండి

మూతపడిన మిల్లునో, మూలన పడ్డ ఆయిలు ఇంజినునో కాపాడాలని ముందుకొచ్చేవాళ్లు చాలామంది మొదట తెచ్చేది ఎనామిల్ డబ్బా. ఫ్లైవీలుకి ఎరుపు, బాడీకి ఆకుపచ్చ, నేమ్‌ప్లేటు అక్షరాలకి బంగారు రంగు. ఒక్క పూటలో పని అయిపోతుంది, ఫొటోలో బాగానే ఉంటుంది. పోయేది ఏమిటంటే, పాత కంపెనీ రంగు ఆనవాలు, పానా పడీ పడీ అరిగిన నట్ల అంచులు, డీజిలు ఎప్పుడు చిమ్మాలో గుర్తుగా మేస్త్రీ ఉలితో కొట్టుకున్న టైమింగు గీత, ఆయిలు రంధ్రాలు. అన్నీ రంగు కింద పూడిపోతాయి. పైగా తుప్పు మీద వేసిన రంగు తుప్పును ఆపదు, కప్పుతుంది అంతే. రెండు వానాకాలాలు పోయేసరికి బుడగలు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది.

పాత యంత్రాన్ని కాపాడటమంటే అది తిరిగేలా ఉంచడం. తిరిగే యంత్రానికి ఆయిలు పోస్తారు, ఆయిలు ఉన్నచోటికి తుప్పు రాదు. రంగు సంగతి చివర్న, అవసరమైతేనే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వడ్లు మరపట్టే పాత మిల్లుల అమరిక ఇంచుమించు ఒకటే. ఒక గదిలో ఇంజిను. అక్కడి నుంచి గోడ కన్నంలోంచి వచ్చే వెడల్పాటి బెల్టు. హాలు పొడవునా తిరిగే ఇనుప కడ్డీ, అదే లైను షాఫ్టు, దాని మీద పుల్లీలు, ఒక్కో పుల్లీ నుంచి ఒక్కో బెల్టు వడ్ల పొట్టు తీసే హల్లరుకీ జల్లెడకీ ఎలివేటరుకీ. ఇప్పుడు ప్రతి యంత్రానికీ విడిగా కరెంటు మోటారు, పైన రేకు మూత. శక్తి ఎక్కడ పుట్టి ఎటు పోతోందో పాత మిల్లులో పసిపిల్లాడు కూడా వేలుపెట్టి చూపించగలడు. నాకు ఆ మిల్లులు అందంగా కనపడేది అందుకే.

ఇంజిన్లలో మన ఊళ్లలో ఎక్కువగా వినపడే పేర్లు రస్టన్, లిస్టర్. రిచర్డ్ హార్న్స్‌బీ కంపెనీ 1890ల్లోనే అక్రాయిడ్ స్టూవర్ట్ అనే ఇంజినీరు పేటెంటుతో ఇంగ్లండులోని గ్రాంథమ్‌లో ఆయిలు ఇంజిన్లు చేసింది. 1918లో లింకన్‌లోని రస్టన్ ప్రాక్టరుతో కలిసి రస్టన్ అండ్ హార్న్స్‌బీ అయింది. లిస్టర్‌ది ఇంగ్లండులోని డర్స్‌లీ. 1929లో మొదలైన వాళ్ల సీఎస్ రకం ఇంజిను అక్కడ 1987 దాకా తయారైంది. ఆ నమూనానే గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఫౌండ్రీలు పట్టుకుని దేశమంతా నింపాయి. అందుకే మన దగ్గర దొరికే ‘లిస్టర్’లలో చాలావాటికి నేమ్‌ప్లేటు మీద వేరే పేరు ఉంటుంది. వివరాలకి సీఎస్ 6/1నే తీసుకుంటాను. ఆరు హార్స్‌పవర్, ఒకే సిలిండరు, నిమిషానికి 650 చుట్లు, బోరు అంటే సిలిండరు లోపలి వ్యాసం నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు అంటే పిస్టను కదిలే దూరం అయిదున్నర, బరువు మూడు క్వింటాళ్ల పైచిలుకు. నాలుగు స్ట్రోకుల ఇంజిను కాబట్టి రెండు చుట్లకోసారి పేలుతుంది, అంటే నిమిషానికి 325 సార్లు. ఊరి చివరికి వినపడే ఆ టకటక లెక్క అదే.

ముట్టుకునే ముందు

మొదటి రోజు పానా బయటకి తీయకండి. ఫొటోలు తీయండి: నాలుగు పక్కల నుంచీ, ప్రతి పైపూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ప్రతి బెల్టూ ఏ పుల్లీ మీద ఉందో, తిన్నగా వేశారో మెలిక వేశారో. మెలిక వేసిన బెల్టు యంత్రాన్ని ఎదురు దిశలో తిప్పుతుంది. బెల్టు చీకి ఊడిపోయాక అది ఎలా ఉండేదో చెప్పేవాళ్లు దొరకరు. నేమ్‌ప్లేటు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే కంటికి ఆనని నంబర్లు కూడా తేలతాయి. దాన్ని బ్రాసోతో తోమకండి, తోమిన ప్రతిసారీ అక్షరం కొంచెం అరుగుతుంది.

ఇంజిను మీద నల్లగా గట్టిపడిన మడ్డి చూసి జడుసుకోకండి. ఆయిలూ తవుడు దుమ్మూ కలిసి కట్టిన ఆ పొర కింద ఇనుము సాధారణంగా కొత్తదానిలా ఉంటుంది. కిరసనాయిలు పట్టించి ఒక రాత్రి ఉంచి, చెక్క బద్దతోనో ఇత్తడి రేకుతోనో గీకాలి. ప్రెషర్ వాషర్ వద్దు, నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. ఇసుక బ్లాస్టింగు అసలే వద్దు, ఒక్క రేణువు బేరింగు లోపలి మెత్తటి వైట్ మెటల్‌లో నాటుకుంటే షాఫ్టును గీస్తూనే ఉంటుంది.

పొగగొట్టానికి తెల్లటి తాడో ముద్దో చుట్టి ఉంటే అది ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఎక్కువ. పొడిగా పీకకండి. బాగా తడిపి, సరైన మాస్కు పెట్టుకుని, సంచిలో మూటగట్టి తీయాలి. పైకప్పు పాత సిమెంటు రేకులైతే వాటికీ ఇదే జాగ్రత్త. రంపం పెట్టవద్దు, డ్రిల్లు వేయవద్దు.

బిగుసుకుపోయిన పిస్టను

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిను తిరగదు. అందరూ చేసే పొరపాటు ఫ్లైవీలు ఆకుల మధ్య గడ్డపార దూర్చి నలుగురు కలిసి లాగడం. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. ఆకు పగిలిన ఫ్లైవీలుని 650 చుట్ల మీద నడపడం ప్రాణాంతకం, వెల్డింగు దానికి మందు కాదు.

సిలిండరు పైమూత, అంటే హెడ్డు విప్పండి. సిలిండరు గోడల తుప్పును పల్చటి ఎమరీ కాగితంతో తీయండి. లేకపోతే పిస్టను కదిలినప్పుడు రింగులు ఆ తుప్పులోనే ఇరుక్కుంటాయి. డీజిలూ గేరుబాక్సులో పోసే ఏటీఎఫ్ ఆయిలూ సమపాళ్లలో కలిపి పిస్టను మీద రెండంగుళాల మట్టం పోయండి. వారం, పది రోజులు, ఒక్కోసారి నెల. మట్టం తగ్గుతోందంటే రింగుల పక్కనుంచి దిగుతోందన్నమాట, అది మంచి కబురే, మళ్లీ పోయండి.

తర్వాత బోరుకన్నా కాస్త తక్కువ వ్యాసంలో గట్టి కర్ర దిమ్మ చేయించి పిస్టను మీద ఆనించి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. నేరుగా పిస్టను నెత్తిన కొడితే పగులుతుంది. దెబ్బ వేసే ముందు క్రాంకు ఎక్కడుందో చూడండి. పిస్టను పూర్తిగా పైనో పూర్తిగా కిందనో ఉంటే ఎంత కొట్టినా తిరగదు, దెబ్బంతా రాడ్డుకీ బేరింగుకీ తగులుతుంది. అలాంటప్పుడు పక్క డోరు తెరిచి, రాడ్డు క్రాంకుని పట్టుకునే చోట ఉన్న బిగ్ ఎండ్ క్యాపు విప్పి, క్రాంకును తప్పించి పిస్టనుని కింద నుంచి చెక్క మీద జాకీ పెట్టి పైకి నెట్టాలి. క్యాపు కింద పల్చటి రేకులు ఉంటాయి. ఏది ఏ వైపుదో గుర్తు పెట్టి విడిగా కట్టి ఉంచండి, బేరింగు సందు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

విప్పిన చిన్న ఇనుప భాగాలకి తుప్పు వదిలించడానికి నాకు నచ్చిన పద్ధతి సోడా నీళ్ల కరెంటు. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా. తుప్పు పట్టిన భాగానికి 12 వోల్టుల చార్జరు నెగటివు, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివు. రెండు మూడు ఆంపియర్లు, ఒక రాత్రి. తుప్పు వదులుతుంది, మంచి ఇనుము చెక్కుచెదరదు. పాజిటివు వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఆ నీళ్లలో కరిగిపోతాయి. వాల్వు స్ప్రింగులు వేయకండి, పెళుసెక్కి విరుగుతాయి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే, నిప్పుకి దూరంగా.

కడిగి ఆరబెట్టిన ఇనుముకి పల్చగా ఉడికించిన అవిసె నూనె పట్టించి గుడ్డతో తుడిచేస్తే చాలు, పాత రంగూ పాత మచ్చలూ దాని కింద నిండుగా తేలతాయి. ఒక్క హెచ్చరిక: ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే కొద్దీ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్లో వేయాలి.

లోపల, తర్వాత మొదటి పేలుడు

రాజ్‌కోట్ ఇంజినైతే అడుగున ఆయిలు నిలిచే సంపు లోపల గోరుతో గీకి చూడండి. పోత పోసినప్పటి మట్టి ఇసుక మూలల్లో అంటుకుని ఉండటం వాటిలో మామూలే. ఈ ఇంజినులో ఆయిలు పంపు ఆడంబరాలు లేవు. బిగ్ ఎండ్ కింద చిన్న కొమ్ము ఆయిల్లో ముంచి చిమ్ముతుంది, అంతే. వడపోత కూడా లేదు, రాలిన ఇసుక నేరుగా బేరింగుకి పోతుంది. వైరు బ్రష్షుతో గీకి, కిరసనాయిలుతో కడిగి, ఆయిలుకి తట్టుకునే పెయింటు లోపల ఒక పూత వేయండి. ఇంజినుకి రంగు వేయమని నేను చెప్పే చోటు ఇదొక్కటే. ఆయిలు మన ఎండలకి ఎస్‌ఏఈ 40 సరిపోతుంది. శుభ్రం చేశాక మొదటిసారి నడిపినది రెండు గంటలకే మార్చేయాలి. తీసిన ఆయిలుని తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూస్తే లోపల ఏం అరుగుతోందో కనపడుతుంది. బూడిదరంగు మెరుపు వైట్ మెటల్‌ది, గరగర తగిలితే ఇసుక.

చల్లబరచడానికి పంపు అక్కర్లేదు. వేడెక్కిన నీరు హెడ్డు నుంచి పైపులో ఎక్కి 200 లీటర్ల డ్రమ్ము పైభాగంలో పడుతుంది, చల్లటిది కింద నుంచి సిలిండరుకి చేరుతుంది. రెండు షరతులు. పై పైపు ఇంజిను నుంచి డ్రమ్ము దాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో వంపు దిగితే ఆవిరి నిలిచి ప్రవాహం ఆగుతుంది. డ్రమ్ములో నీటిమట్టం పై పైపు నోటికన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. మట్టం తగ్గిన క్షణం నుంచీ సిలిండరులో ఉన్న నీరు అక్కడే మరుగుతుంది. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది, పట్టిన వాననీరు మంచిది.

డీజిలు చిమ్మే ఇంజెక్టరు బాగుందో లేదో ఈ ఇంజిను తనే చెబుతుంది. డీజిలు లైను గాలి తీసి, వాల్వుని తెరిచి ఉంచే డీకంప్రెషన్ లీవరు ఎత్తి హ్యాండిలు మెల్లగా తిప్పండి. ప్రతి రెండో చుట్టులో, పిస్టను పైకి చేరే ముందు, ఇంజెక్టరు దగ్గర కిర్రుమని చిన్న శబ్దం రావాలి. చెక్క తలుపు కదిలినట్టుండే ఆ శబ్దం వస్తే డీజిలు సన్నటి తుంపరగా పడుతోందని అర్థం. రాకపోతే గాలి ఉంది, లేదా నాజిలు కారుతోంది. ఇంజెక్టరు బయటపెట్టి పరీక్షించేటప్పుడు తుంపర ముందు చెయ్యి పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దిగిపోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. టైమింగు 650 చుట్ల రకానికి పిస్టను పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు. 24 అంగుళాల ఫ్లైవీలు అంచు మీద కొలిస్తే అది సుమారు 4.2 అంగుళాలు. పాత మేస్త్రీ ఉలిగీత అక్కడే ఉంటుంది, ముందే రంగు వేసేయకపోతే.

స్టార్టు చేసేటప్పుడు పంచె చెంగు దోపుకోవాలి, మెడ మీద తువ్వాలు తీసేయాలి. ఫ్లైవీలుని బిగించిన ఇనుప చీల (కీ) తల షాఫ్టు చివర పొడుచుకుని ఉంటుంది. గుడ్డని పట్టుకుంటే మనిషినే లాగుతుంది, దానికి తప్పనిసరిగా మూత చేయించండి. హ్యాండిలు దూరే షాఫ్టుకి ఆయిలు రాయాలి, పొడిగా ఉంటే ఇంజిను అందుకున్నాక హ్యాండిలు ఊడిరాక దాంతోపాటే తిరుగుతుంది. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టుకోండి. లీవరు ఎత్తి వేగంగా తిప్పి, ఫ్లైవీలు బరువందుకోగానే లీవరు వదలాలి. పాత డర్స్‌లీ ఇంజిన్లలో హెడ్డు పక్కన చిన్న చక్రం కనపడుతుంది. దాన్ని బిగిస్తే కంప్రెషన్ పెరిగి తేలిగ్గా అంటుకుంటుంది, పూర్తి లోడు పడ్డాక వదులు చేస్తారు. తర్వాతి రకాల్లో అది లేదు. ఉన్న ఇంజిను మీ చేతికి దొరికితే మరింత జాగ్రత్తగా చూసుకోండి.

గాలి లోపలికి పోయే నోటికి సరిపడే చెక్క పలక ఒకటి చేతికందే చోట ఉంచుకోవాలి. ఫ్యూయల్ పంపులో డీజిలు మోతాదు మార్చే కడ్డీ, అంటే ర్యాకు, తుప్పుకి పట్టేస్తే ఇంజిను చుట్లు ఆగకుండా పెరుగుతాయి. డీజిలు ఆపడానికి పరిగెత్తే లోపు పలకతో గాలి మూసేస్తే చచ్చిపోతుంది. గుడ్డ పెడితే మింగేస్తుంది. స్టార్టు చేసే ముందు ర్యాకు వేలితో అటూ ఇటూ హాయిగా జరుగుతోందో లేదో ప్రతిసారీ చూడాలి.

షాఫ్టు, బెల్టు, హల్లరు

చుట్ల లెక్క సులువు. ఇంజిను పుల్లీ 12 అంగుళాలు, షాఫ్టు పుల్లీ 26 అయితే 650ని 12తో గుణించి 26తో భాగించండి, షాఫ్టుకి 300 చుట్లు. బెల్టు జారడం వల్ల వాస్తవంలో కాస్త తగ్గుతుంది.

బల్లపరుపు బెల్టు అంచు కట్టలేని పుల్లీ మీద ఎందుకు పడిపోకుండా ఉంటుందో గమనించారా? పుల్లీ ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. మధ్యలో ఆనుతుంది, రెండు అంచుల దగ్గర సన్నటి వెలుగు కనపడుతుంది. ఆరంగుళాల వెడల్పుకి మధ్య ఉబ్బు అంగుళంలో పదహారో వంతు ఉంటుందేమో. బెల్టు ఎప్పుడూ ఎత్తైన వైపుకే ఎక్కుతుంది, కాబట్టి తనంతట తనే మధ్యకి వస్తుంది. నాకు తెలిసిన ఇంజినీరింగులో ఇంత తక్కువ ఇనుముతో ఇంత పని చేయించిన ఉపాయం మరొకటి లేదు. బెల్టు అటూ ఇటూ జరగాల్సిన వెడల్పాటి పుల్లీకి మాత్రం ఉబ్బు పెట్టరు. దాని ఎదురుగా యంత్రం మీద రెండు పుల్లీలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి షాఫ్టుకి బిగించినది, రెండోది ఖాళీగా తిరిగేది. కర్ర లీవరుతో బెల్టును ఖాళీ పుల్లీ మీదికి తోస్తే మిగతా మిల్లు నడుస్తుండగానే ఆ ఒక్క హల్లరు ఆగుతుంది. వీటిని తీసేసి వి-బెల్టు పుల్లీలు బిగించిన మిల్లుల్లో అసలు అందం పోయింది.

తోలు బెల్టు ఎండి పగులుతుంటే గోరువెచ్చటి ఆముదం లోపలి వైపు పల్చగా రాయండి. రబ్బరు కాన్వాసు బెల్టుకి ఏ నూనే తగలకూడదు. జారుతుంటే రోజనం పొడి చల్లే అలవాటు ఉంది. ఆ పూటకి పట్టినట్టే ఉంటుంది, తర్వాత గాజులా గట్టిపడి ఇంకా జారుతుంది. బెల్టు కత్తిరించి బిగువుగా కలపడమే సరైన మందు.

షాఫ్టు బేరింగుల్లో వైట్ మెటల్ ఉంటుంది. సందు షాఫ్టు వ్యాసం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు చొప్పున అనేది వాడుకలో ఉన్న కొలత. అక్కడ ప్రధాన శత్రువు ఊక దుమ్ము. ఊకని కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. ఆయిలుతో కలిస్తే సాన పట్టే ముద్ద అవుతుంది. ఆయిలు గిన్నెల మూతలు పోయి ఉంటే ముందు అవి చేయించండి.

హల్లరు దగ్గర ఆ సిలికా చేసిన పని తీరిగ్గా చూడాల్సింది. పొడవాటి గాళ్లున్న పోత ఇనుప రోలరు, కింద కన్నాల జల్లెడ రేకు, పక్కన ముందుకీ వెనక్కీ జరిపే బ్లేడు. వడ్లు ఒక కొస నుంచి లోపలికి పోయి, ఒకదాన్నొకటి రాసుకుంటూ పొట్టు వదిలి రెండో కొస నుంచి బియ్యమై వస్తాయి, ఊకా తవుడూ కలగలిసి కింద పడతాయి. నూకలు ఎక్కువ రావడం వల్లే ఈ యంత్రం రబ్బరు రోలు షెల్లర్ల ముందు ఓడిపోయింది. రోలరు గాళ్లు లోడు ఎక్కువగా పడే చోట గుండ్రంగా అరిగి, అద్దంలా మెరుస్తుంటాయి. బియ్యం జారే రేకు కాలువ ధార పడే చోట కాగితంలా పల్చబడి, ఎవరో దాని మీద కిరసనాయిలు డబ్బా రేకు అతికి ఉంటారు. ఆ అతుకు తీసి కొత్త రేకు వేయకండి. ఏ పాలిష్‌తోనూ రాని మెరుపు అది, పల్చటి మైనం పూత వేసి వదిలేయండి.

గోడలు, కప్పు

ఇటుక, సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూత వేస్తే గోడ చెమ్మ బయటకి పోలేదు. డెల్టా నేలలో ఉప్పు ఉంటుంది. అది ఇటుక లోపలే పేరుకుని ఇటుక పొడి రాలుతుంది, పూత మాత్రం పైకి నున్నగా ఉంటుంది. పాత సున్నం రాలిన చోట ఒక వంతు నానబెట్టిన సున్నానికి మూడు వంతుల ఇసుకతోనే నింపాలి. సున్నం కనీసం కొన్ని వారాలు నానాలి, పూశాక తడి గోనెలు కప్పి ఉంచాలి. పొగగొట్టం మీద మొలిచిన రావి మొక్కని లాగితే వేరుతోపాటు ఇటుకలూ వస్తాయి. మొదలు కోసి, కోసిన చోట వెంటనే కలుపుమందు పూసి, వేరు చచ్చాక సున్నంతో సందు నింపాలి. ఇంజిను దిమ్మ గోడ పునాదికి అంటకుండా విడిగా ఉంటుంది. ఆ ఖాళీని చెత్త అనుకుని కాంక్రీటుతో పూడిస్తే అదురు గోడకెక్కి పగుళ్లు వస్తాయి.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డు థర్మల్ కేంద్రాన్ని 1995లో కూల్చేశారు. వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహీ బట్టల మిల్లు కూడా ఇప్పుడు లేదు. పెద్దవాటికే దిక్కు లేనప్పుడు ఊళ్లలో మిల్లుల గురించి ప్రభుత్వం కోసం ఎదురుచూడటం దండగ, ఊరివాళ్లే పూనుకోవాలి. సైఫాబాద్ టంకశాలలో 2022 నుంచి పాత యంత్రాలు చూడొచ్చు, ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నాటి యంత్రాలున్నాయి. ఇంగ్లండులోని ఆన్సన్ ఇంజిన్ మ్యూజియంలో మాత్రం ఇంజిన్లను నడిపి చూపిస్తారు. మన దగ్గర రావాల్సింది అది. వాళ్లకి చలికాలంలో నీరు గడ్డకట్టి సిలిండర్లు పగిలే బెడద ఉంది, మనకి అది లేదు. మనకి ఉన్నవి ఉప్పుగాలి, చెద, పాత ఇనుము కొనేవాళ్లు.

వానాకాలం ముందు ఇంజినుని పక్కన పెట్టాలంటే చివరిసారి వేడెక్కేదాకా నడిపి, వేడిగా ఉండగానే సంపు ఆయిలు మార్చండి. డ్రమ్మూ సిలిండరూ నీరు పూర్తిగా దించండి. ఎగ్జాస్టు పైపు నోటికి డబ్బా బోర్లించండి. గాలి నోటిలో రెండు చెంచాల ఆయిలు పోసి, డీజిలు ఆపి, చేత్తో పది చుట్లు తిప్పండి. ఆపేటప్పుడు పిస్టను కంప్రెషన్ మీద పైన ఉండాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని చెమ్మగాలి లోపలికి పోదు, స్ప్రింగుల మీద భారమూ తక్కువ. నెలకోసారి లీవరు ఎత్తి నాలుగు చుట్లు తిప్పి మళ్లీ అదే చోట ఆపండి. లైను షాఫ్టుని మాత్రం ప్రతిసారీ వేరే చోట ఆపాలి, బరువంతా ఒకే పక్క పడి బేరింగు నొక్కుకోకుండా. బెల్టులు తీసి చుట్టి, ఎలకలు అందుకోలేని ఎత్తులో వేలాడదీయండి.